దోషాన్ని దోషంగా చూడడమే వృద్ధి: సంఘ చరిత్ర నేర్పే పాఠం

త్రిశరణాలలో మొదటి రెండింటిని స్వీకరించేటప్పుడు మనస్సు తడబడదు. బుద్ధుడు సమ్యక్‌సంబుద్ధుడు. ధమ్మం ఎవరికి వారు పరీక్షించి చూసుకోదగినది. మూడవ శరణమైన సంఘం దగ్గరకు వచ్చేసరికి మాత్రం చాలామందిలో ఒక సందేహం తలెత్తుతుంది. సంఘం మనుషులతో కూడినది. ఆ మనుషులలో కోపం ఉన్నది, పదవీకాంక్ష ఉన్నది, విడిచి వచ్చామనుకున్న కులం కూడా ఇంకా ఏ మూలనో మిగిలి ఉన్నది. ఇటువంటి సమూహాన్ని శరణు పొందడం ఎట్లా అన్న ప్రశ్నను ధమ్మదీక్ష స్వీకరించిన యువతీయువకుల నుంచి మేము తరచుగా వింటున్నాము. జవాబు దొరకని కొందరు పంచశీలను ఇంటిలోనే పాటించుకుంటామని చెప్పి సమావేశాలకు రావడం మానివేస్తున్నారు.

శరణు పొందవలసినది మార్గఫలాలు పొందిన ఆర్యసంఘాన్నే గాని కంటికి కనిపించే ఈ గుంపును కాదని శాస్త్రపరంగా ఒక సమాధానం ఉన్నది. అది సరైనదే. అయితే చరిత్ర విద్యార్థులుగా మేము మరొక సంగతిని గమనించాము. ఆర్యసంఘం ఆకాశం నుంచి ఊడిపడలేదు. లోపాలున్న భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు కలిసి బ్రతికిన సంఘంలోనే అది తయారైనది. లోపం సంఘానికి అడ్డు వచ్చిన చోట్లు చరిత్రలో ఉన్నాయి. లోపమే ఎదుగుదలకు మెట్టుగా మారిన చోట్లు కూడా ఉన్నాయి. ఆ రెండింటికీ భేదం ఎక్కడున్నదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నియమం కంటే ముందు దోషం

థేరవాద వినయపిటకంలో భిక్షువులకు 227, భిక్షుణులకు 311 శిక్షాపదాలు ఉన్నాయి. వీటిని ఎవరో ఒకచోట కూర్చుని ఒకేసారి రచించలేదు. నియమానికి ముందు కథ ఉంటుంది. ఒకరు తప్పు చేస్తారు. లోకులు ఆక్షేపిస్తారు. విషయం బుద్ధుని వద్దకు వస్తుంది. ఆయన ఆ వ్యక్తినే పిలిపించి విచారిస్తాడు. నియమం ఆ తరువాత పుడుతుంది.

వేరంజలో ఉన్నప్పుడు, శాసనం చిరకాలం నిలవాలంటే నియమాలను ముందుగానే విధించమని సారిపుత్తుడు కోరాడు. బుద్ధుడు అంగీకరించలేదు. సంఘంలో దోషం పొడచూపినప్పుడే నియమం అవసరమవుతుందని, అంతవరకు వేచి ఉండమని చెప్పాడు. తరువాత వైశాలి సమీపంలోని కలందక గ్రామానికి చెందిన సుదిన్నుడు, వంశం నిలబెట్టమన్న తల్లి ఒత్తిడికి లొంగి, విడిచిపెట్టి వచ్చిన భార్యతో కలిశాడు. తొలి పారాజిక నియమానికి కారణం ఆ సంఘటనే.

ఇక్కడ చరిత్రకారుని దృష్టికి వచ్చే విశేషం ఒకటున్నది. తమ తొలితరాన్ని మచ్చలేనిదిగా చూపించాలనుకునే మతసమాజం ఇటువంటి కథలను దాచిపెడుతుంది. బౌద్ధసంఘం దాచలేదు. తప్పు చేసినవారి పేరు, ఊరు, కారణం సహా తరతరాలుగా కంఠస్థం చేసి, ఆ పైన తాళపత్రాలకు ఎక్కించి భద్రపరచింది. వినయపిటకం ఒక విధంగా సంఘం తన లోపాల గురించి తానే రాసుకున్న దినచర్య.

ఆ 227లో మనిషిని సంఘం నుంచి శాశ్వతంగా దూరం చేసేవి నాలుగు మాత్రమే. మైథునం, దొంగతనం, నరహత్య, లేని ఆధ్యాత్మిక సిద్ధిని ఉన్నట్లు చెప్పుకోవడం. వాటి తరువాత బరువైనవి పదమూడు సంఘాదిసేసాలు. వీటిలో తప్పు చేసిన భిక్షువు కొంతకాలం హోదా తగ్గించుకుని వ్రతం పాటించాలి. ఆ గడువు ముగిసిన తరువాత అతన్ని తిరిగి చేర్చుకోవడానికి కనీసం 20 మంది భిక్షువులు సమావేశం కావాలి. ఒక సాధారణ సంఘకర్మకు నలుగురు చాలు. పడిపోయిన ఒక్కరిని లేపి నిలబెట్టడానికి మాత్రం ఇరవై మంది కావాలని వినయం నిర్ణయించింది. ఇక ఆ జాబితాలోని చివరి ఏడూ వివాదాలను శమింపజేసే పద్ధతులు. సంఘం ఉన్నచోట తగవు వస్తుందని ముందే ఒప్పుకున్న శాస్త్రం ఇది.

వృద్ధి అంటే ఏమిటి

రాజగృహంలో జీవకుని మామిడితోటలో అజాతశత్రువు బుద్ధుని దర్శించి, తండ్రి బింబిసారుణ్ణి చంపించిన తన పాపాన్ని ఒప్పుకున్నాడు. అప్పుడు బుద్ధుడు చెప్పిన మాటల సారాంశం ఇది: దోషాన్ని దోషంగా చూసి, ధమ్మానుసారంగా సరిదిద్దుకుని, ఇకముందు నిగ్రహంతో ఉండడమే ఆర్యుల వినయంలో వృద్ధి. ఇదే భావం వినయపిటకంలోనూ పలుమార్లు వినిపిస్తుంది.

ఇక్కడ వృద్ధి అన్న పదాన్ని గమనించాలి. దోషం లేకపోవడాన్ని వృద్ధి అనలేదు. దోషాన్ని గుర్తించడం, సరిదిద్దుకోవడం, నిగ్రహించుకోవడం అనే మూడు పనులను వృద్ధి అన్నారు. అయితే ఒప్పుకున్నంత మాత్రాన ఫలితం చెరిగిపోదు. రాజు వెళ్లిపోయిన తరువాత, తండ్రిని చంపి ఉండకపోతే ఇతనికి ఈ ఆసనం మీదనే ధమ్మచక్షువు కలిగి ఉండేదని బుద్ధుడు భిక్షువులతో అన్నాడు. ఒప్పుకోలు దారిని తెరుస్తుంది. నడవవలసిన దూరం మాత్రం అట్లాగే ఉంటుంది.

కోశాంబి కలహం

సంఘంలోని గొడవలను చూసి నిరాశపడేవారు కోశాంబి కథను తప్పక చదవాలి. మహావగ్గం దీనికి ఒక అధ్యాయమే కేటాయించింది. ఒక భిక్షువు చేసిన పని దోషమా కాదా అన్నదే వివాదం. తరువాతి అట్ఠకథలు దాని మూలాన్ని వివరించాయి. ఒకరు శౌచానికి వాడిన పాత్రలో నీళ్లు మిగిల్చి వచ్చారు. అంతే. ఆ నీటి కోసం ధమ్మం చదివినవారు ఒక పక్షంగా, వినయం చదివినవారు మరొక పక్షంగా చీలిపోయారు. ఒక పక్షం అతన్ని వెలివేసింది. మరొక పక్షం ఆ వెలి చెల్లదన్నది.

బుద్ధుడు రెండు పక్షాలకూ వేరువేరుగా హితం చెప్పాడు. వెలివేసినవారితో, సంఘం చీలిపోయే ప్రమాదాన్ని తలచుకుని తొందరపడి వెలివేయకూడదన్నాడు. వెలికి గురైనవారితో, తోటివారి మీద విశ్వాసంతోనైనా దోషాన్ని అంగీకరించవచ్చునన్నాడు. వారు వినలేదు. మీరు ప్రశాంతంగా ఉండండి, ఈ కలహం సంగతి మేము చూసుకుంటామని శాస్తకే చెప్పారు. ఆయన కోశాంబిని విడిచి వెళ్లిపోయాడు. దారిలో అనురుద్ధుడు, నందియుడు, కిమ్బిలుడు కలిసి ఉంటున్న వనానికి వెళ్లాడు. పాలు నీళ్లవలె కలిసి ఉంటున్నామని వారు చెబితే విని సంతోషించాడు. అక్కడి నుంచి పారిలేయ్యక వనానికి చేరి ఒంటరిగా గడిపాడు.

కలహాన్ని ఆపింది ఎవరు? కోశాంబి ఉపాసకులు. తథాగతుడు తమ ఊరు విడిచి వెళ్లడానికి ఈ భిక్షువులే కారణమని వారు గుర్తించారు. నమస్కరించడం మానివేశారు, భిక్ష పెట్టడం మానివేశారు. అప్పుడు ఆ భిక్షువులు సావత్థికి నడిచి వెళ్లారు. వెలికి గురైన భిక్షువు తనలో తాను ధమ్మాన్ని, వినయాన్ని ఆలోచించుకుని, తనది దోషమేనని ఒప్పుకున్నాడు. అతన్ని తిరిగి చేర్చుకున్నారు. సంఘసామగ్గి, అంటే సంఘ ఐక్యత, ప్రకటితమైనది.

ఆ సందర్భంలో ఉపాలి ఒక ప్రశ్న అడిగాడు. గొడవ మూలాన్ని విచారించకుండా చేసుకున్న ఐక్యత ధమ్మసమ్మతమేనా? కాదని బుద్ధుడు జవాబిచ్చాడు. మాటకు మాత్రమే ఐక్యత వేరు, అర్థంలోనూ మాటలోనూ నిండైన ఐక్యత వేరు అని వివరించాడు. ఈ ఉపాలి ఎవరో మనకు తెలుసు. శాక్య రాజకుమారుల మంగలి. తమ శాక్యాభిమానం అణగాలని ఆ కుమారులే కోరి, ఉపాలికి తమకంటే ముందు ప్రవ్రజ్య ఇప్పించారు. ఆ తరువాత జీవితాంతం వారు అతనికి లేచి నిలబడి నమస్కరించారు. సంఘంలోకి వచ్చినవారి మనస్సులో కులాభిమానం ఉంటుందని బుద్ధునికి తెలుసు. అది లేనివారినే చేర్చుకుంటానని ఆయన అనలేదు. చేరిన తరువాత అది ప్రతిరోజూ కొంచెం కరిగే ఏర్పాటు చేశాడు.

మౌనం సామరస్యం కాదు

కోసల దేశంలో కొందరు భిక్షువులు వర్షావాసాన్ని గొడవ లేకుండా గడపాలనుకున్నారు. అందుకు మూడు నెలలూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదని ఒప్పందం చేసుకున్నారు. వర్షావాసం ముగిశాక బుద్ధుని వద్దకు వెళ్లి, సామరస్యంగా గడిపామని సంతోషంగా చెప్పుకున్నారు. ఆయన మెచ్చుకోలేదు. పశువుల మంద వలె బ్రతికి సుఖంగా ఉన్నామంటున్నారని మందలించాడు. ఆ సందర్భంలోనే పవారణను విధించాడు. వర్షావాసం చివర ప్రతి భిక్షువూ సంఘం ముందు కూర్చుని, తనలో చూసిన, విన్న, అనుమానించిన దోషం ఏదైనా ఉంటే కరుణతో చెప్పమని తానే అడగాలి.

సావత్థిలో పూర్వారామంలో జరిగిన ఒక పవారణలో ఐదు వందల మంది భిక్షువుల ముందు మొదట నోరు విప్పినది బుద్ధుడే. తన శరీరంవల్ల గాని, మాటవల్ల గాని జరిగిన దోషం ఏదైనా ఉంటే చెప్పమని ఆయన సంఘాన్ని అడిగాడు. ఒక శాస్త తన శిష్యుల ముందు ఇట్లా నిలబడిన ఘట్టాలు మతచరిత్రలో అరుదు. అధ్యక్షుడు, కార్యదర్శి ప్రశ్నకు అతీతులని భావించే మన కాలపు సంఘాలు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

వివాదశమన పద్ధతులు ఏడింటిలో తిణవత్థారకం ఒకటి. ఆ మాటకు గడ్డితో కప్పివేయడం అని అర్థం. రెండు పక్షాలూ తగవులో అనకూడని మాటలు అనుకున్నప్పుడు, ఒక్కొక్క మాటనూ తవ్వితీస్తే మంట మరింత పెరుగుతుంది. అటువంటప్పుడు అందరూ ఒకచోట చేరాలి. ఒక్కొక్క పక్షం నుంచి సమర్థుడొకడు లేచి తన పక్షం తరఫున దోషాన్ని ఒప్పుకోవాలి. దానితో ఆ విషయం ముగిసినట్లే. కాని ఇందులో రెండు మినహాయింపులు ఉన్నాయి. బరువైన అపరాధాలను గడ్డితో కప్పకూడదు. గృహస్థులకు సంబంధించిన దోషాలనూ కప్పకూడదు. అసలు దోషమైతే మూలం దాకా విచారించాలి, తగవులో దొర్లిన మాటలైతే మరచిపోవాలి. ఈ వివేకం లోపించినప్పుడే సంఘాలు నాశనమవుతాయి.

రాజగృహం, వైశాలి

బుద్ధుని మహాపరినిర్వాణం తరువాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో ఉపాలి వినయాన్ని, ఆనందుడు ధమ్మాన్ని వల్లించారు. అదే సభలో పెద్దలు ఆనందుని మీద కొన్ని ఆరోపణలు చేశారు. స్త్రీల ప్రవ్రజ్య కోసం బుద్ధుని ఒప్పించడం కూడా అందులో ఒకటి. ఇందులో తనకు దోషం కనిపించడం లేదని, అయినా పెద్దల మీద విశ్వాసంతో ఒప్పుకుంటున్నానని ఆనందుడు అన్నాడు. ఈనాడు చదివే మనకు అక్కడ దోషం ఆనందునిది కాదని, ఆరోపించినవారిదని స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సభ తన లోపాన్ని గుర్తించలేకపోయింది గాని, తరువాతివారు గుర్తించడానికి వీలుగా దాన్ని దాచకుండా భద్రపరచింది.

సుమారు వందేళ్ల తరువాత వైశాలిలో వజ్జి భిక్షువులు ఉపోసథం రోజున నీళ్లు నింపిన కంచుపాత్రను ముందు పెట్టి, ఉపాసకుల నుంచి డబ్బు వసూలు చేస్తుండగా యశుడు అనే భిక్షువు అడ్డుపడ్డాడు. వారు అతని వాటా అతనికి ఇవ్వబోయారు. అతను తీసుకోలేదు. అప్పుడు ఉపాసకులకు క్షమాపణ చెప్పుకోమని అతనికే శిక్ష వేశారు. యశుడు సంఘాన్ని విడిచి వెళ్లిపోలేదు. ఉపాసకుల వద్దకు వెళ్లి ధమ్మం ఏమి చెబుతున్నదో వివరించాడు. దూరప్రాంతాలలోని పెద్దలను కూడగట్టాడు. చివరకు తూర్పువారు నలుగురు, పడమటివారు నలుగురు కలిసిన ఎనిమిది మంది సమితి పది వివాదాంశాలనూ విచారించి తీర్పు చెప్పింది. డబ్బు విషయంలో ఒంటరివాడైన ఒక భిక్షువు పట్టుదల రెండవ సంగీతికి దారితీసినది.

కోశాంబి తగవులు అంతటితో ముగియలేదు. అశోకుడు సంఘభేదాన్ని నిషేధిస్తూ ఆజ్ఞలు చెక్కించిన చోట్లలో సాంచి, సారనాథ్‌లతో పాటు కోశాంబి కూడా ఉన్నది. సంఘాన్ని చీల్చినవారికి తెల్లబట్టలు కట్టించి ఆవాసం వెలుపల ఉంచాలని రాజు ఆదేశించాడు. సారనాథ్ శాసనంలో మరొక ముఖ్యమైన ఆజ్ఞ ఉన్నది. ఒక ప్రతిని ఉపాసకుల వద్ద కూడా ఉంచాలి, ఉపోసథ దినాలలో వారు వచ్చి దాన్ని మననం చేసుకోవాలి. సంఘం బాగోగులు భిక్షువులకు మాత్రమే సంబంధించినవి కావని కోశాంబి ఉపాసకులు చేతలతో చూపిన సత్యాన్ని అశోకుడు రాతి మీద చెక్కించాడు.

కృష్ణాతీరం చూపిన దారి

భేదాభిప్రాయాలు ఆగలేదు. నికాయాలు ఏర్పడ్డాయి. పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధత్థిక నికాయాలను కథావత్థు అట్ఠకథ అంధకులన్న ఒకే పేరుతో పిలిచింది. అవి మన నేలతో ముడిపడిన సంప్రదాయాలు. వాటి అభిప్రాయాలను థేరవాదులు తీవ్రంగా ఖండించారు. గ్రంథాలలో వాదం అంత తీవ్రంగా ఉన్నా, నేల మీద పరిస్థితి మరో విధంగా ఉన్నది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, నేటి నాగార్జునకొండ లోయలో, అపరమహావినసేలియులకు, బహుశ్రుతీయులకు, మహీశాసకులకు, సింహళ థేరవాదులకు వేరువేరు విహారాలు ఉండేవి. చాంతిసిరి మహాచైత్యాన్ని పోషించింది. ఉపాసిక బోధిసిరి సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. సిద్ధాంతంలో ఏకీభవించనివారు ఒకే లోయలో, ఒకే నది ఒడ్డున తరాల తరబడి బ్రతికారు.

అమరావతి శాసనాలలో మన హృదయానికి దగ్గరైనది ఒకటున్నది. విధికుడు అనే చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని మహాచైత్యానికి దానం చేశాడు. చర్మకారుడనే వృత్తినామాన్ని అతను దాచుకోలేదు. సంఘం కూడా దాన్ని తొలగించలేదు. నికాయాల తగవులతో నిండిన ఆ సంఘమే ఒక చర్మకారుని పేరును దాదాపు రెండువేల ఏళ్లపాటు నిలిపి ఉంచినది.

బాబాసాహెబ్ అడిగిన ప్రశ్న

ఈ చరిత్రను ఆధునిక కాలంలో లోతుగా చదివినవారు డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్. 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో మాట్లాడుతూ, తీర్మానం, కోరం, రహస్య ఓటు వంటి పార్లమెంటరీ పద్ధతులన్నీ బౌద్ధసంఘాలకు తెలుసునని గుర్తుచేశారు. సంఘం గొప్పదనం అందులోని వ్యక్తుల పరిపూర్ణతలో కాక, అది పాటించిన పద్ధతిలో ఉన్నదని ఆయన గ్రహించారని మేము భావిస్తున్నాము. అయినా సమకాలీన భిక్షుసంఘాన్ని ఆయన పొగడలేదు. 1950లో మహాబోధి పత్రికలో రాసిన వ్యాసంలో దాని లోపాలను నిర్మొహమాటంగా చెప్పారు. లోపాలున్నవని తెలిసి కూడా ఆరేళ్ల తరువాత, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో, భిక్షు చంద్రమణి మహాస్థవిరుని నుంచే త్రిశరణ పంచశీలాలు స్వీకరించారు. విమర్శ, శరణాగతి పరస్పర విరుద్ధాలు కావని ఆ రోజు ఆయన ఆచరణలో చూపారు.

బుద్ధుడు-ఆయన ధమ్మం గ్రంథం పీఠికలో ఆయన లేవనెత్తిన నాలుగు ప్రశ్నలలో చివరిది భిక్షువు గురించినది. బుద్ధుడు భిక్షువును సృష్టించినది పరిపూర్ణ మానవుణ్ణి తయారుచేయడానికా, ప్రజాసేవకుణ్ణి తయారుచేయడానికా? కేవలం పరిపూర్ణుడైతే అతనివల్ల ధమ్మవ్యాప్తికి ఉపయోగం లేదని, సేవకుడైతే అతనే ధమ్మానికి ఆశాకిరణమని బాబాసాహెబ్ తేల్చి చెప్పారు. పరిపూర్ణుల కోసం వెతుకుతూ సంఘానికి దూరమయ్యేవారికి ఇంతకంటే స్పష్టమైన జవాబు మరొకటి లేదు.

మన ముందున్న పని

దీక్ష జరిగిన 53 రోజులకే బాబాసాహెబ్ మహాపరినిర్వాణం చెందారు. లక్షల మంది కొత్తగా దీక్ష తీసుకున్నారు. శిక్షణ పొందిన బోధకులు కొద్దిమంది. ఆ లోటు ఫలితాలను మనం ఇప్పటికీ అనుభవిస్తున్నాము. వివాహ సంబంధాల దగ్గర ఉపకులం గీత చెరగలేదు. వేదిక మీద పురుషులు, వంటశాలలో స్త్రీలు అన్న అలవాటు పోలేదు. బుద్ధవందన చేసిన ఇంటిలోనే పంచాంగం చూసి ముహూర్తం పెడుతున్నారు. ఒక జయంతి సభలో ఆహ్వానపత్రికపై పేరు రాలేదని మరొక సంఘం పుడుతున్నది.

వీటిని చూసి రెండు విధాలుగా స్పందించేవారు ఉన్నారు. మన పరువు పోతుందని ఏదీ బయటపెట్టనివారు ఒకరు. ఈ సంఘంతో ఇక లాభం లేదని వెళ్లిపోయేవారు ఇంకొకరు. మొదటివారు కోసలలోని మౌనభిక్షువుల దారిలో ఉన్నారు. రెండవవారు అరణ్యానికి వెళ్లిన బుద్ధుని చూశారు గాని, సావత్థిలో తిరిగి వచ్చిన భిక్షువులను చేర్చుకున్న బుద్ధుని చూడలేదు. వినయం చూపిన మూడవ దారి యశుని దారి. ఉండాలి, చెప్పాలి, చెప్పించుకోవాలి.

అందువల్ల సంఘాల పెద్దలకు మా వినతి ఒకటి. ఏటా అశోక విజయదశమి నాడు ధమ్మచక్ర ప్రవర్తన దినాన్ని జరుపుకుంటున్నాము. ఐదు రోజులకే ఆశ్వయుజ పూర్ణిమ వస్తుంది. అదే పవారణ దినం. ఉత్సవం తరువాత ఆ పూర్ణిమ నాడు ప్రతి శాఖలోనూ ఒక పూట కూర్చుందాం. పదవిలో ఉన్నవారు ముందుగా లేచి, మాలో చూసిన దోషం చెప్పండని అడగాలి. లెక్కల పుస్తకం అందరి ముందు తెరవాలి. మహిళలు, యువకులు మొదట మాట్లాడాలి. తగవులో దొర్లిన పరుషవాక్యాలను ఆ పూటతో గడ్డి కప్పి మరచిపోవాలి. సంఘ నిధుల అపహరణను, స్త్రీల పట్ల అత్యాచారాన్ని, కులం పేరిట అవమానాన్ని మాత్రం ఏ గడ్డీ కప్పకూడదు. వాటిని విచారించాలి, చట్టానికి సంబంధించినవి చట్టానికి అప్పగించాలి.

ఇట్లా కూర్చోవడం సులభం కాదు. ఎదుటివారు మన దోషం చెబుతుండగా కోపగించకుండా వినడానికి ధ్యానం కావాలి. ఎదుటివారి దోషాన్ని ద్వేషం లేకుండా చెప్పడానికి మైత్రి కావాలి. ఈ రెండూ ఒంటరిగా గదిలో కూర్చుని సంపాదించుకోగలిగినవి కావు. లోపాలున్న మనుషుల మధ్యనే వాటికి సాధన దొరుకుతుంది. ఆ సాధన జరిగే చోటు కాబట్టే సంఘం మూడవ శరణమైనది.